వికటకవి నంబరా, 786నా, స్టారా: ఏ నోటు దాచుకుంటే మేలు?

దసరాకో పెళ్లికో బ్యాంకు నుంచి పది రూపాయల కొత్త కట్ట తెచ్చినప్పుడు, పట్టీ తెంచే ముందు పై నోటు నంబరు చూడండి. వంద నోట్లూ వరుస నంబర్లలో ఉన్న కట్ట అయితే, లోపల ఏముందో ఆ ఒక్కటే చెప్పేస్తుంది.

ముందున్న సీరీస్ గుర్తును వదిలేసి ఆరంకెలు చూడాలి. మూడోది, నాలుగోది ఒకటే అయితే లోపల వికటకవి నంబరు ఉన్నట్టే, అంటే ఎటు నుంచి చదివినా ఒకటే. 528801తో మొదలైన కట్టలో 528825 దొరుకుతుంది. మొదటిది, నాలుగోది కలిస్తే జంట నంబరు: 528501 కట్టలో 528528. నాలుగోది 7 అయితే 786తో ముగిసే నోటు ఉంటుంది.

లెక్కకు మూడూ ఒకటే. పది లక్షల నోట్లలో ఒక్కో రకం సుమారు వెయ్యి, అంటే సగటున పది కట్టలకు ఒకటి. పది రూపాయల నోట్లలో వెతికితే 10,000 రూపాయలు తిప్పాలి, అదే 500 నోట్లలో అయిదు లక్షలు! తేడా గిరాకీలోనే ఉంది. 786 బిస్మిల్లాకు గుర్తు కాబట్టి, అమ్మాలనుకునేవాళ్లకు అదే మేలు. అయితే ఆ అంకెలు నంబరులో ఎక్కడున్నా సరే అనుకుంటే అలాంటివి దాదాపు నాలుగు వేలు. చివర ఉన్నదే ఏరుకోండి. అమ్మే ఆలోచన లేకపోతే వికటకవి నంబర్లతో మొదలుపెట్టడమే బాగుంటుంది.

777777 లాంటివి పది లక్షల్లో తొమ్మిదే. తెలంగాణ వచ్చిన రోజు 020614 అయితే సీరీస్‌కు ఒక్కటే. ఇవి చిల్లరలో తగులుతాయని కూర్చుంటే లాభం లేదు.

స్టార్ నోటు మీద మోజు మాత్రం అతి. ముద్రణలో పాడైన నోటు స్థానంలో, నంబరులో * గుర్తు వేసి పెట్టేదే అది. 2006లో 10, 20, 50 నోట్లతో మొదలై, 2016లో కొత్త 500కూ వచ్చింది. మామూలు నోటులాగే చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు 2023 జులైలో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. స్టార్ ఉన్నంత మాత్రాన ఎక్కువ పెట్టకండి. స్టార్‌తోపాటు వికటకవి నంబరు పడితే అది వేరే సంగతి.

ఎంత మంచి నంబరైనా నడుమ ఒక్క మడత పడితే ధర దిగుతుంది. ఇస్త్రీ చేసినా కడిగినా కాగితం కరకర పోతుంది, చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. లామినేషన్ వద్దే వద్దు. పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిగురుగా మారి నోటుకు అంటుకుంటాయి, పాలిస్టర్‌వి కొనండి. వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి.

కొనేటప్పుడు రెండు చోట్ల ఉన్న నంబర్లూ కలుస్తున్నాయా చూడాలి. గీకి దిద్దిన అంకె దగ్గర కాగితం నూగులేస్తుంది. నంబరు సిరా యూవీ లైట్ కింద వెలగాలి, దిద్దిన చోట ఆ వెలుగు తేడాగా ఉంటుంది. ఇక “మీ 786 నోటుకు లక్షలిస్తాం, ముందు పన్ను కట్టండి” అని ఫోన్ వస్తే పెట్టేయండి. తన పేరుతో ఇలా కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.