పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్: ఫైళ్లు దాచడంలో ఫుల్ మార్కులు, బ్యాకప్ మాత్రం మన నెత్తినే

డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ రివ్యూలు చదివితే చాలావరకు స్క్రీన్ ఎంత నీట్‌గా ఉంది, సెర్చ్ ఎంత ఫాస్ట్‌గా ఉంది అనే దగ్గరే ఆగిపోతాయి. నేను మాత్రం అంతకంటే ముందు ఒకటి చూసుకుంటాను: ఎక్కించిన ఫైలు డిస్క్ మీద ఎక్కడ ఉంటుంది, ఏ రూపంలో ఉంటుంది, రేపు ఆ మెషీన్ ఆన్ కాకపోతే దాన్ని వెనక్కి ఎలా తెచ్చుకోవాలి. స్కాన్ చేసిన కాగితాలను మన సొంత మెషీన్‌లోనే దాచి, వెతుక్కునేలా చేసే పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్‌ను చాలాకాలంగా వాడుతున్నాను, అందుకే ఈ విషయం వరకే రాస్తున్నా.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. మొదట పేపర్‌లెస్, తర్వాత పేపర్‌లెస్ ఎన్‌జీ, 2022 నుంచి ఒక టీమ్ కలిసి నడుపుతున్న ఎన్‌జీఎక్స్. ఇన్ని చేతులు మారినా పాతవాళ్ల కాగితాలు చెక్కుచెదరకుండా కొత్తదానిలోకి వచ్చేశాయంటే కారణం ఫైళ్లను దాచే పద్ధతే. మీడియా ఫోల్డర్‌లోకి వెళ్తే ఒరిజినల్స్, ఆర్కైవ్, థంబ్‌నెయిల్స్ అని మూడు కనిపిస్తాయి. ఒరిజినల్స్‌లో మనం ఎక్కించిన ఫైలు ఒక్క బైటు కూడా మారకుండా అలాగే ఉంటుంది. ఓసీఆర్ చేసిన (బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చిన) కాపీని పీడీఎఫ్-ఏ అనే, చాలాకాలం దాచుకోవడానికి పనికొచ్చే పీడీఎఫ్ రూపంలో ఆర్కైవ్‌లో విడిగా పెడుతుంది. అంటే సాఫ్ట్‌వేర్ మొత్తం పాడైపోయినా, ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కి తగిలించి మామూలు పీడీఎఫ్ రీడర్‌తో తెరుచుకోవచ్చు. నాకు ఇది అన్నిటికంటే పెద్ద ప్లస్ పాయింట్.

కాకపోతే సెట్టింగులు ముట్టుకోకుండా వదిలేస్తే ఆ ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు వరస నంబర్లే, 0000001.పీడీఎఫ్, 0000002.పీడీఎఫ్ అని. తెరవడానికి తెరుచుకుంటాయి కానీ ఏది ఏ కాగితమో ఒక్కోటీ చూసుకుంటూ పోవాలి. అందుకే ఇన్‌స్టాల్ చేసిన మొదటిరోజే ఫైల్‌నేమ్ ఫార్మాట్ సెట్టింగ్‌లో సంవత్సరం, పంపినవాళ్ల పేరు, డాక్యుమెంట్ టైటిల్ వచ్చేలా పెట్టుకోండి, ఫోల్డర్లు కూడా అదే తయారు చేసుకుంటుంది. ముందే ఎక్కించినవి ఉంటే డాక్యుమెంట్ రీనేమర్ అనే కమాండ్ నడిపితే పాతవాటి పేర్లు కూడా మారతాయి. అంతేగానీ ఆ ఫోల్డర్‌లోకి దూరి చేత్తో పేర్లు మార్చడం, ఫైళ్లు అటూఇటూ జరపడం అస్సలు వద్దు. ఏ ఫైలు ఎక్కడుందో డేటాబేస్‌లో రాసి ఉంటుంది, మనం కదిపితే దానికి ఆ ఫైలు దొరకదు.

ప్రతి డాక్యుమెంట్‌కీ రెండు కాపీలు కాబట్టి జాగా ఎక్కువ తింటుంది. అప్పటికే టెక్స్ట్ ఉన్న పీడీఎఫ్‌లకు ఆర్కైవ్ కాపీ వద్దని చెప్పే సెట్టింగ్ ఉంది, జాగా తక్కువున్నవాళ్లు వాడుకోవచ్చు. డిలీట్ చేసినవి మామూలుగా 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, పొరపాటున నొక్కినవాళ్లకు అది పెద్ద ఊరట.

ఇక బ్యాకప్. స్క్రీన్ మీద బ్యాకప్ అని ఒక బటన్ ఉంటుందనుకుని వెతకొద్దు, లేదు. నన్నడిగితే ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే, ఎందుకంటే టెక్నికల్‌గా అంత పట్టులేనివాళ్లు కూడా ఇప్పుడు దీన్ని డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే టూల్) రెండు కమాండ్లు కొట్టి పెట్టేసుకుంటున్నారు. అక్కడే ఇంకో చిక్కు ఉంది. ఏది ఎలా నడపాలో రాసి ఉండే డాకర్ కంపోజ్ ఫైలును వాళ్లిచ్చింది ఇచ్చినట్టు వాడితే కన్స్యూమ్ (కొత్త కాగితాలు వేసేది), ఎక్స్‌పోర్ట్ (బయటికి తీసినవి వచ్చేది) ఫోల్డర్లు మన కళ్ల ముందే ఉంటాయి కానీ అసలు డాక్యుమెంట్లూ డేటాబేసూ డాకర్ తన దగ్గర విడిగా పెట్టుకునే వాల్యూమ్‌లలో ఉంటాయి. పైకి కనిపించే ఫోల్డర్‌ను రోజూ హార్డ్ డిస్క్‌కి కాపీ చేస్తూ బ్యాకప్ ఉందిలే అని నిశ్చింతగా ఉంటే, ఆ కాపీలో ఒక్క కాగితం కూడా ఉండదు. పైగా కంటైనర్లు ఆపేటప్పుడు డౌన్ కమాండ్ చివర హైఫన్ వీ తగిలిస్తే ఆ వాల్యూమ్‌లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి, మళ్లీ అడగదు. నెట్‌లో ఎవరో రాసిన కమాండ్‌ను చదవకుండా పేస్ట్ చేసేముందు ఈ ఒక్కటీ చూసుకోండి, ప్లీజ్.

మరి సరైన దారేది అంటే డాక్యుమెంట్ ఎక్స్‌పోర్టర్. ఇది కమాండ్ లైన్‌లో నడిచేది, కానీ పని మాత్రం శుభ్రంగా చేస్తుంది. ఒరిజినల్స్, ఆర్కైవ్ కాపీలు, థంబ్‌నెయిల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి తీసి, ట్యాగ్‌లు, పంపినవాళ్ల పేర్లు, యూజర్లు లాంటి సమాచారమంతా మానిఫెస్ట్ అనే జేసన్ ఫైలులో రాసి పెడుతుంది. సాఫ్ట్‌వేర్ నడుస్తున్నప్పుడు ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలును ఊరికే కాపీ కొడితే సగం సగం కాపీ వచ్చే ప్రమాదం ఉంది, ఎక్స్‌పోర్టర్‌తో ఆ టెన్షన్ లేదు. రెండోసారి అదే ఫోల్డర్‌లోకి నడిపితే మారిన ఫైళ్లను మాత్రమే మళ్లీ రాస్తుంది. మనం సాఫ్ట్‌వేర్‌లో తీసేసినవి ఎక్స్‌పోర్ట్‌లోంచి కూడా పోవాలంటే డిలీట్ ఆప్షన్ విడిగా ఇవ్వాలి.

దీంట్లో పాస్‌ఫ్రేజ్ ఆప్షన్ ఒకటుంది. పేరు చూసి డాక్యుమెంట్లన్నిటికీ తాళం పడుతుందనుకుంటారు. కాదు. మెయిల్ అకౌంట్ పాస్‌వర్డ్ లాంటి కొన్ని రహస్య వివరాలకే అది వర్తిస్తుంది, మీ పీడీఎఫ్‌లు ఎవరైనా తెరవగలిగేట్టే ఉంటాయి. సర్వర్ మీద కూడా అంతే, ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ కావు, అందుకే నమ్మకం లేని మెషీన్‌లో పెట్టొద్దని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. గుర్తింపు కార్డులు, ఆసుపత్రి రిపోర్టులు పెట్టేది దీంట్లోనే కదా, ఈ సంగతి ఇంకాస్త పెద్దగా చెప్పాల్సింది.

అందుకే నేను ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్‌ను రెస్టిక్ అనే ఉచిత టూల్‌తో బయటికి పంపుతాను. అది ఎన్‌క్రిప్ట్ చేసి, మారిన ముక్కలనే పంపి, పాత తేదీల కాపీలు కూడా ఉంచుతుంది. దానికోసం ఎక్స్‌పోర్టర్‌లోని జిప్ ఆప్షన్ వాడకపోవడమే మేలు, విడి ఫైళ్లుగా ఉంటేనే రెస్టిక్ మారనివాటిని గుర్తుపట్టి వదిలేయగలదు. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే మాత్రం డేటా పోయినట్టే, ఆ పాస్‌వర్డ్‌ను ఆ సర్వర్‌లోనే దాచుకుంటే లాభం లేదు.

బయటికి ఎందుకు, పక్కనే ఇంకో డిస్క్ ఉందిగా అనేవాళ్లకు 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జరిగింది చెప్తాను. ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్‌లో మంటలు లేచి ఒక బిల్డింగ్ మొత్తం కాలిపోయింది, అసలు డేటా, బ్యాకప్ రెండూ అక్కడే పెట్టుకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు. గూగుల్ డ్రైవ్ లాంటి వాటితో సింక్ పెట్టుకుంటే చాలనుకోవడం కూడా అంతే, ఇక్కడ పాడైన ఫైలు కాసేపటికి అక్కడా పాడవుతుంది.

రీస్టోర్ సంగతి కూడా చెప్పాలి, అసలు పరీక్ష అదే కాబట్టి. ఖాళీ మెషీన్‌లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, ఎక్స్‌పోర్ట్‌ను తిరిగి లోపలికి తెచ్చే ఇంపోర్టర్ నడిపితే ట్యాగ్‌లతో సహా అన్నీ యథాస్థానంలోకి వచ్చేశాయి, సెర్చ్ కూడా పనిచేసింది. ఎక్స్‌పోర్ట్ చేసిన వెర్షనే అక్కడా ఉండాలి, తేడా ఉంటే హెచ్చరిస్తుంది. కంపోజ్ ఫైలూ సెట్టింగుల ఫైలూ ఎక్స్‌పోర్ట్‌లో రావు, అవి మనమే పక్కన పెట్టుకోవాలి. తర్వాత శానిటీ చెకర్ నడిపితే ప్రతి ఫైలు చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే కోడ్) సరిపోతుందో లేదో చూసి చెప్తుంది, మామూలు రోజుల్లో కూడా వారానికోసారి అదే నడుస్తుంది.

ఫైళ్లను నేరుగా అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (నెట్ మీద ఫైళ్లు దాచే జాగా) పెట్టుకునే ఆప్షన్ దీంట్లో లేదు. అది తప్పనిసరి అయితే మాయన్ ఈడీఎంఎస్, డాక్‌స్పెల్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చూడండి. డాక్‌స్పెల్ మనం మార్చకపోతే ఫైళ్లను డేటాబేస్‌లోనే పెడుతుంది, బ్యాకప్‌కి ఒకే చోటు కాబట్టి సులువే, కానీ సాఫ్ట్‌వేర్ లేకుండా ఫోల్డర్ తెరిచి కాగితం తీసుకోవడం కుదరదు. నాకు ఆ ఒక్క సౌకర్యం కోసమే పేపర్‌లెస్ నచ్చింది, కమాండ్ లైన్ అంటే భయం లేనివాళ్లకు కళ్లు మూసుకుని చెప్తాను. భయమున్నవాళ్లు మాత్రం ఎక్స్‌పోర్ట్ రోజూ దానంతటదే నడిచేలా తెలిసినవాళ్లతో సెట్ చేయించుకుని, ఒకసారి రీస్టోర్ కూడా వాళ్ల చేతే చేయించి చూశాకే కాగితాలు ఎక్కించడం మొదలుపెట్టండి.