మూడు వేల తొమ్మిది వందల రూపాయల టాబ్లెట్‌తో ఇరవై ఆరు నెలలు

ఈ టాబ్లెట్ లేకపోతే నాకు గడవదని కాదు. ఉండేది విశాఖపట్నం పెదవాల్తేరులో, ఉద్యోగం పరవాడ ఫార్మాసిటీలో. కంపెనీ బస్సులో వెళ్లేటప్పుడు గంటంపావు, వచ్చేటప్పుడు గాజువాక ట్రాఫిక్ దయ. ఆ టైములో ఫోనులో పాత పుస్తకాల పీడీఎఫ్‌లు చదివి చదివి కళ్లు మంటలెత్తేవి. పన్నెండు వేలు పెట్టి మంచి టాబ్ కొందామంటే, నైట్ షిఫ్ట్ దిగి నిద్రమత్తులో సీటు మీదే వదిలేస్తానని నా మీద నాకు గట్టి నమ్మకం. అందుకని పోయినా ఏడవనంత ధరలో వెతికాను. ఏడంగుళాలది, సిమ్ లేకుండా వైఫై మాత్రమే ఉన్నది, ఆన్‌లైన్‌లో 3,899 రూపాయలకి దొరికింది. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా మీకు పనికిరాదు, అదే బొమ్మ, అదే బాడీ నాలుగైదు పేర్లతో అమ్ముడవుతోంది.

మొదటి వారంలోనే సమీక్ష రాసుంటే ఒక్క స్టార్ ఇచ్చేవాణ్ణి. డబ్బా మీద ‘6 జీబీ ర్యామ్’ అని పెద్దక్షరాలు. ర్యామంటే యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ. లోపల ఉన్నది 2. మిగతా 4 స్టోరేజీలోంచి అరువు తెచ్చి కలిపిన లెక్క. పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో ‘2+4’ అని రాసే ఉంది, చూసుకోనిది నేనే. స్టోరేజీ ర్యామంత వేగంగా పనిచేయదు కాబట్టి ఆ నాలుగూ పేరుకే. 32 జీబీ స్టోరేజీలో సిస్టమ్ పోను నా చేతికొచ్చింది 21. ఆండ్రాయిడ్ 11, అందులోనూ ర్యామ్ తక్కువ ఉన్నవాటి కోసం చేసిన గో ఎడిషన్. ఈ ఇరవై ఆరు నెలల్లో ఒక్క సిస్టమ్ అప్‌డేట్ రాలేదు, ఇక రాదు కూడా.

ఏడంగుళాలంటే పెద్ద తెర అనుకుంటాం. ఇప్పటి ఫోన్లే ఆరున్నర దాటాయి కదా. స్కేలు పెట్టి కొలిచాను: ఫోను తెర వెడల్పు 7 సెంటీమీటర్లు, దీనిది 9. మనం డబ్బు పెట్టి కొనుక్కునేది ఆ రెండు సెంటీమీటర్లనే.

తెర గురించి ఇంగ్లిషు పుస్తకాలు చదివేవాళ్లు ఇచ్చే మార్కులు మనకి చెల్లవు. ఇది 1024×600 తెర, అంగుళానికి సుమారు 170 చుక్కలు (పిక్సెళ్లు). స్కాన్ చేసిన ఏ4 పేజీని నిలువుగా పెడితే ఆ వెడల్పంతా 600 చుక్కల్లో ఇమడాలి, అంటే కాగితం మీది ఒక్కో అంగుళానికి దక్కేది డెబ్బై పైచిలుకు. ఇంగ్లిషు అక్షరం దానికి ఓర్చుకుంటుంది, మన ఒత్తులు ఓర్చుకోవు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెరిగిపోయి ‘తిరు’, ‘తీరు’ ఒకటైపోతాయి. ‘ప’ ఏదో ‘వ’ ఏదో వాక్యాన్ని బట్టి ఊహించుకోవాలి. ‘లక్ష్మి’లో ఒత్తుల చోట నల్లటి మరక మిగులుతుంది. అడ్డంగా తిప్పితే 1024 చుక్కలూ వెడల్పుకి దొరికి అక్షరం తేరుకుంటుంది గానీ ఒక్కో పేజీని మూడు విడతలుగా జరుపుకోవాలి. కుదుపుల బస్సులో అది పెద్ద పనే.

అదృష్టం ఏమిటంటే మన కథల పుస్తకాలూ నవలలూ ఎక్కువగా డెమ్మీ సైజు. ఐదున్నర అంగుళాల వెడల్పు పేజీ నిలువుగా పెట్టినా అంగుళానికి నూటికి పైగా చుక్కలొస్తాయి. పైగా మార్జిన్లు కత్తిరించి చూపించే రీడర్ యాప్ ఒకటి వేసుకుంటే హాయిగా చదువుకోవచ్చు. ఈ కిటుకు తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది. అప్పటిదాకా దీన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఇక నిలువుగా పట్టుకున్నప్పుడు ఎడమ కంటికి తెల్లగా, కుడి కంటికి కాస్త బూడిదగా కనిపించడం టీఎన్ రకం చవక తెరలకి ఉన్న జబ్బు. దానికి మందు లేదు. బీచ్ రోడ్డులో కూర్చుని చదువుదామని ఒక సాయంత్రం తీసుకెళ్లాను, అందులో నా మొహం తప్ప ఏమీ కనబడలేదు.

వేగం సంగతి: యూట్యూబ్ తెరుచుకోవడానికి పదకొండు సెకన్లు, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి మరీ చూశాను. ఇలాంటి వాటికని ఒకప్పుడు యూట్యూబ్ గో అని తేలిక యాప్ ఉండేది, 2022లో ఆపేశారు. మా మేనల్లుడు గేమ్ ఒకటి ఎక్కించి, రెండు నిమిషాల్లో తిరిగిచ్చేశాడు. వాడి సమీక్ష అది.

అయినా న్యాయంగా మాట్లాడాలి. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ విద్యార్థుల కోసమని ఆకాశ్ టాబ్లెట్ విడుదల చేశారు, గుర్తుందా? 256 ఎంబీ ర్యామ్, గోటితో నొక్కాల్సిన రెసిస్టివ్ తెర. దాని పక్కన పెడితే ఇది రాజహంస.

ఒక విషయంలో మాత్రం వేళాకోళం లేదు. ఊరూపేరూ లేని ఆండ్రాయిడ్ పరికరాల్లో కొన్నింటికి మన చేతికి రాకముందే వైరస్ ఎక్కించి పంపుతున్నారని 2023లో బయటపడింది. ‘బ్యాడ్‌బాక్స్’ అన్నారు దాన్ని. దాని రెండో విడత గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక కూడా ఇచ్చింది. నాది అలాంటిదని నేననను. డబ్బా వెనక బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నంబరుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే సరిపోయింది. ప్లేస్టోర్ సెట్టింగ్స్‌లో ‘ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్’ దగ్గర కూడా గూగుల్ ధ్రువీకరించినట్టే చూపించింది. ఇలాంటిది కొంటే ఈ రెండూ రిటర్న్ గడువు దాటకముందే చూసుకోండి. అన్నీ సరిగ్గా ఉన్నా బ్యాంకు యాప్ గానీ యూపీఐ గానీ ఇందులో పెట్టలేదు. దీని గూగుల్ అకౌంటు కూడా వేరే.

ఏడాది తిరిగేసరికి నేను బస్సులో చదవడం కంటే పడుకోవడమే ఎక్కువైంది. టాబ్లెట్ మెల్లగా అమ్మ చేతికెళ్లింది. అమ్మకి డెబ్బై ఒకటి, శుక్లాల ఆపరేషన్ అయింది. నా పాత ఫోనిస్తే వేలు తగిలీ తగలకముందే అది ఎక్కడికో గెంతేసేదని విసుక్కునేది. దీంతో ఆ గొడవ లేదు. నొక్కుతుంది, ఆగుతుంది, వస్తుంది. ‘‘ఇంత నెమ్మదిగా ఉంటే ఎలా వాడుతున్నావే?’’ అన్నాను ఒకసారి. ‘‘దాన్నీ కాస్త ఆలోచించుకోనీరా, ఏం తొందర?’’ అంది. తెర మీద నాలుగే బొమ్మలుంచాను: ప్రవచనాలకి యూట్యూబ్, పేపరు, పంచాంగం, ఫొటోలు. మిగతావి ఆపేశాను. యాప్‌ల ఆటో అప్‌డేట్ కూడా తీసేశాను, నెలకోసారి నేనే చూసి చేస్తాను. ఒకేసారి అన్నీ అప్‌డేట్ అవడం మొదలెడితే ఇది గంటసేపు మూర్ఛపోతుంది.

మొన్న చందనోత్సవం రోజున అమ్మ సింహాచలం కొండకి రాలేనంది, క్యూలో మోకాళ్లు నిలవవు. నట్టింట్లో దీన్ని బియ్యం డబ్బాకి ఆనించి సింహాద్రి అప్పన్న నిజరూప దర్శనం ప్రత్యక్ష ప్రసారం చూసింది. స్పీకరు ఒక్కటే, అదీ వెనకవైపు. డబ్బా రేకుకి తగిలి శబ్దం ఇంకాస్త పెద్దగా వినిపించింది, అది మాకు కలిసొచ్చింది.

రిపేర్లు రెండు. మాది సముద్రానికి దగ్గర, కిటికీ ఊచలే రెండేళ్లకోసారి రంగు అడుగుతాయి. పద్నాలుగో నెలలో ఛార్జింగ్ పిన్ను మొండికేసింది. దీనిది పాతకాలపు మైక్రో యూఎస్‌బీ. అంతకుముందే ఛార్జింగ్‌లో ఉండగా తాకితే తెర దెయ్యం పట్టినట్టు ఊగేది, అది వేరే జబ్బు. ఛార్జర్ నాసిరకమైతే అలా అవుతుంది, ఫోను ఛార్జర్ పెడితే తగ్గింది. పిన్ను కోసం డాబాగార్డెన్స్‌లో మెకానిక్ కుర్రాడి దగ్గరికెళ్లాను. అద్దం పెట్టి చూసి, ‘‘ఏటి మేస్టారూ, దీన్ని సముద్రంలో ముంచి తీసినారేటి?’’ అన్నాడు. పచ్చగా తుప్పు. కొత్త సాకెట్ వేసి 250 తీసుకున్నాడు.

ఇరవై రెండో నెలలో వెనక మూత కొంచెం పైకి లేచింది, లోపల బ్యాటరీ ఉబ్బింది. అమ్మ రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేస్తోంది. ఉబ్బింది కనబడగానే వాడడం ఆపించి మళ్లీ అతని దగ్గరికే పట్టుకెళ్లాను. దీని బ్యాటరీ అని విడిగా దొరకదట. స్కేలుతో పొడవు, వెడల్పు, మందం కొలిచి, ఆ సైజుది వెతికి, ఎర్ర వైరూ నల్ల వైరూ టంకం పెట్టాడు. 550. ‘‘టచ్ పగిలితే రిబ్బన్ మీద నంబరు బట్టి ఎతకొచ్చండి. లోపలి డిస్‌ప్లే పోతే మాత్రం మరి ఒదిలేసుకోవాలి,’’ అని చెప్పి పంపాడు.

అంతా కలిపి 4,699 అయింది, నెలకి 180 చొప్పున. అదే డబ్బుకి కాస్త కలిపి వాడిన పెద్ద కంపెనీ టాబ్ కొనుంటే బాగుండేదా? చదువుకి, ఆన్‌లైన్ క్లాసులకి అయితే కచ్చితంగా బాగుండేది. పిల్లల క్లాసులకి దీన్ని కొనకండి. వీడియో నడుస్తుండగా నోట్సు తెరిస్తే వీడియో చచ్చిపోతుంది, పిల్లాడికి చదువు మీదే విసుగొస్తుంది. పుస్తకాలకో, ఇంట్లో పెద్దవాళ్ల ప్రవచనాలకో, ఒక్క పనికే అంటే కొనొచ్చు.

పోయిన వారం పక్కింటి పిన్నిగారు అమ్మ దగ్గర దీన్ని చూసి, ‘‘నాక్కూడా ఒకటి తెప్పించు నాయనా,’’ అన్నారు. పాత ఆర్డర్ తెరిచి లింకు నొక్కితే సరుకు లేదంది. కింద అదే బొమ్మ, అదే బాడీ, కొత్త పేరు, 4,299 రూపాయలు. ‘8 జీబీ ర్యామ్’ అట. వేళ్లతో పెద్దది చేసి చూశాను: 2+6.