మూడేళ్లు సీగ్రూప్ వీ2 లెక్కలు చూశాక

2022లో మా నోడ్లన్నీ (కంటైనర్లు, అంటే విడివిడిగా కట్టిపెట్టిన ప్రోగ్రామ్‌లు నడిచే సర్వర్లు) ఉబుంటు 22.04కి, దాంతోపాటు సీగ్రూప్ వీ2కి మారాయి. సీగ్రూప్ అంటే ఏ ప్రోగ్రామ్ ఎంత సీపీయూ, మెమరీ వాడుతోందో లెక్కపెట్టి హద్దు పెట్టే లినక్స్ ఏర్పాటు. కంటైనర్లను నడిపించే కూబర్నెటీస్‌లో సీగ్రూప్ వీ2 మద్దతు స్థిరపడింది కూడా ఆ ఏడాదే, 1.25 వెర్షన్‌తో. అప్పటి నుంచి ఏ పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) ఎంత తింటోందో చూడటానికి నేను ముందు తెరిచేది డ్యాష్‌బోర్డ్ కాదు, నోడ్ మీది సిస్-ఎఫ్ఎస్-సీగ్రూప్ డైరెక్టరీ.

ఎందుకంటే డ్యాష్‌బోర్డ్ నన్ను ఒకసారి వారం రోజులు తిప్పించింది. ఒక జావా సర్వీస్ ఉండుండి నత్తనడక నడిచేది. గ్రాఫ్ చూస్తే సీపీయూ వాడకం లిమిట్‌లో సగం కూడా లేదు. డేటాబేస్ వాళ్లను అడిగాం, నెట్‌వర్క్ వాళ్లతో గొడవపడ్డాం. చివరికి ఆ కంటైనర్ ‘సీపీయూ.స్టాట్’ ఫైల్ తెరిస్తే ‘ఎన్ఆర్_థ్రాటిల్డ్’ (కోటా అయిపోయి ఆగిన పీరియడ్ల లెక్క) అంకె కళ్ల ముందే పెరుగుతోంది: 100 మిల్లీసెకన్ల పీరియడ్లు ప్రతి వందలో నలభై దాకా ఆగిపోతున్నాయి.

లెక్క తేలికే. లిమిట్ అర సీపీయూ. అంటే ప్రతి 100 మిల్లీసెకన్లకు 50 మిల్లీసెకన్ల కోటా. ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి ఎనిమిది కోర్ల మీద లేస్తే ఆరు మిల్లీసెకన్లు దాటేసరికి కోటా ఖాళీ. మూడో తారీఖుకే జీతం అయిపోయినవాడిలా మిగతా 94 మిల్లీసెకన్లు చేతులు ముడుచుకు కూర్చోవడమే. నిమిషం సగటు తీసే గ్రాఫ్‌లో ఇది కనబడదు. ఆ సర్వీస్‌కి సీపీయూ లిమిట్ తీసేసి రిక్వెస్ట్ (కనీసం ఇంత కావాలని అడిగేది) మాత్రం ఉంచాం, నెమ్మది పోయింది. అందరూ అలా చేయొచ్చా అంటే, ఒకే క్లస్టర్‌ని పది టీమ్‌లు పంచుకునే చోట నేనైతే చేయను.

మెమరీ దగ్గర వేరే తంటా. ‘మెమరీ.కరెంట్’ లిమిట్‌ని ఆనుకుని ఉందని కొత్తవాళ్లు కంగారు పడతారు. అందులో పేజ్ కాష్ (మెమరీలో ఉంచుకున్న ఫైళ్ల నకళ్లు) కూడా కలిసి ఉంటుంది, అవసరమైతే కెర్నెల్ వెనక్కి తీసుకుంటుంది. క్యూబ్‌లెట్ (నోడ్ మీద ఉండే కూబర్నెటీస్ ఏజెంట్) చెప్పే వర్కింగ్ సెట్ అంటే ఆ మొత్తంలోంచి ‘ఇనాక్టివ్_ఫైల్’ (ఈమధ్య వాడని ఫైల్ కాష్) తీసేసినది. అయితే మళ్లీ మళ్లీ చదివిన ఫైళ్లు యాక్టివ్ వైపు చేరతాయి కాబట్టి ఆ అంకె కూడా కాస్త ఉబ్బే ఉంటుంది. ‘మెమరీ.స్టాట్’లో ‘ఆనాన్’ వరుస (ఫైళ్లది కాని, ప్రోగ్రామ్ సొంత మెమరీ) చూడనిదే నేను ఎవరికీ లిమిట్ పెంచను.

వీ2కి మారిన కొత్తలో పాత జావా వెర్షన్లు మాత్రం ఏడిపించాయి. వాటికి వీ2 ఫైళ్లు చదవడం రాదు. కంటైనర్ లిమిట్ 2 జీబీ అయినా నోడ్‌లోని 64 జీబీ చూసి, అందులో నాలుగో వంతు హీప్‌కి (జావా తన డేటా ఉంచుకునే చోటు) గరిష్ఠ హద్దుగా పెట్టుకునేవి. తర్వాత ఏముంది, ఎగ్జిట్ కోడ్ 137, అంటే మెమరీ లిమిట్ దాటితే కెర్నెల్ చంపేసింది. జేడీకే (జావా కిట్) 11లో 11.0.16కి మారాకే రాత్రిళ్లు ఫోన్ మోగడం ఆగింది.

నాకున్న అసలు ఫిర్యాదు ఒకటే. కంటైనర్ చస్తే దాని సీగ్రూప్ డైరెక్టరీ కూడా పోతుంది, సాక్ష్యంతో సహా. కాకపోతే పాడ్ స్థాయి డైరెక్టరీ, పాడ్ ఉన్నంతకాలం ఉంటుంది. అక్కడి ‘మెమరీ.ఈవెంట్స్’లో ‘ఊమ్_కిల్’ (మెమరీ చాలక చంపిన ప్రాసెస్‌ల) లెక్క కింది కంటైనర్లవి కూడా కలుపుకుని పెరుగుతుంది. ఈ సంగతి నాకు రెండో ఏడాది గానీ తెలియలేదు.

ఇష్టమైన ఫైల్ ఏదంటే ‘మెమరీ.ప్రెషర్’. ఎంత వాడిందన్నది వదిలేసి, మెమరీ కోసం పనులు ఎంతసేపు ఆగాయో చెబుతుంది. ‘ఫుల్’ వరుసలో (పనులన్నీ ఒకేసారి ఆగిన సమయం) పది సెకన్ల సగటు సున్నా దాటి అక్కడే తిష్ఠ వేసిందంటే, గ్రాఫ్ ఎంత పచ్చగా ఉన్నా నేను ఆ పాడ్ లాగ్స్ తెరుస్తాను.