బెజవాడ నీళ్లలో స్టార్ శాన్: సీసాలు నింపే ముందు వాడే మందు ఎంతవరకు పనికొస్తుంది

ఇంట్లో అల్లం సోడా, కొంబుచా (పులిసిన తీపి టీ) పులియబెట్టి సీసాల్లో నింపుకునేవాళ్లకి సగం కష్టాలు సీసాల దగ్గరే మొదలవుతాయి. జాడీలో రుచిగా ఉన్నది సీసాలోకి వెళ్లాక వారం తిరక్కుండా ముక్కు బద్దలయ్యే పులుపెక్కుతుంది. మూత తీయగానే సగం నేలపాలవుతుంది. సీసా మెడ లోపల తెల్లటి వలయం కడుతుంది. మనం వెయ్యని ఈస్టు, లాక్టిక్ బ్యాక్టీరియా సీసాలో కాపురం పెట్టాయనడానికి ఇవే గుర్తులు. వాటిని అడ్డుకోవడానికి విదేశాల్లో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు ఎక్కువగా నమ్మే మందు స్టార్ శాన్. తయారుచేసేది అమెరికాలోని ఫైవ్ స్టార్ కెమికల్స్. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయకూడదు కాబట్టి ఆ సంగతి పక్కనపెట్టి, సోడా, కొంబుచా సీసాలకి ఈ మందు మన ఊళ్లో ఎలా పనిచేస్తుందో చూద్దాం.

ఇందులో ముఖ్యంగా ఉండేవి ఫాస్ఫారిక్ యాసిడ్, దానితోపాటు డోడెసైల్‌బెంజీన్ సల్ఫోనిక్ యాసిడ్ అనే నురగ పదార్థం. మొదటిది నీటి పీహెచ్‌ని, అంటే పులుపు కొలతని, 3 కంటే కిందికి దించుతుంది; ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. రెండోది ఆ పులుపు నీటిలో సూక్ష్మజీవుల పైపొరని చీలుస్తుంది, మూలమూలలకీ పాకుతుంది. కొలత 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్లు, అంటే లీటరుకి 1.6 మిల్లీలీటర్లు. డజను సీసాలకి 5 లీటర్లు కలిపితే చాలు, దానికి 8 మిల్లీలీటర్ల మందు పడుతుంది. మూతతో ఉజ్జాయింపుగా పోయొద్దు. మెడికల్ షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి కొనుక్కుని దానితోనే కొలవండి. ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం పొరపాటు. కొలత దాటితే, మందు పట్టించాక మళ్లీ నీళ్లతో కడగకుండా వాడొచ్చన్న వీలు పోతుంది, ఈ మందు కొనేదే ఆ వీలు కోసం.

కొలత కంటే ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలి. బెజవాడలోనైనా గుంటూరులోనైనా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు, కార్పొరేషన్ నీళ్లు ఒకే ట్యాంకులో కలిసి కుళాయికి వస్తుంటాయి. మీ ఇంట్లో గీజరు రాడ్డుకీ, నీళ్లు కాచే గిన్నె అడుగుకీ తెల్ల పొర కడుతుంటే ఆ నీళ్లతో ఈ మందు కలపొద్దు. గట్టి నీళ్లలోని బైకార్బొనేట్ యాసిడ్‌ని తినేస్తుంది, పీహెచ్ 3 దాటి పైకి పోతుంది. పైగా కాల్షియం, మెగ్నీషియం నురగ పదార్థంతో కలిసి నీళ్లు మజ్జిగ తేటలా మసకబారతాయి. 20 లీటర్ల ఆర్‌వో వాటర్ టిన్ను తెప్పించి ఆ నీళ్లతో కలపండి. అద్దంలా తేటగా ఉంటుంది, మూత పెట్టిన డబ్బాలో వారాల తరబడి నిలవ ఉంటుంది. పీహెచ్ పేపరు ఒక కట్ట కొనిపెట్టుకుంటే వాడే ప్రతిసారీ ముంచి చూసుకోవచ్చు. 3 కంటే కింద ఉందా, వాడండి. దాటిందా, పారబోయండి. ఈ మందు పనిచెయ్యడం లేదని చెప్పేవాళ్లు ముందు ఏ నీళ్లతో కలిపారో చూసుకోవాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. స్టార్ శాన్ సీసాని కడగదు. జిగురు పట్టిన సీసాలో పోస్తే పైపైన ఉన్నవే చస్తాయి, జిగురు కింద ఉన్నవి హాయిగా ఉంటాయి. కాబట్టి ముందు కడుగుడు పని పూర్తి కావాలి. సీసా ఖాళీ అయిన వెంటనే రెండుసార్లు నీళ్లతో తొలిపి బోర్లిస్తే తర్వాత పని పావలా వంతు కూడా ఉండదు. అడుగున ఎండిపోయిన మడ్డి ఉంటే సోడియం పెర్‌కార్బొనేట్, అంటే బట్టల మరకలకి వాడే ఆక్సిజన్ పొడి, వాసన, రంగు కలపనిది తీసుకోండి. లీటరు వేడినీళ్లకి ఒక చెంచా, సుమారు 5 గ్రాములు, వేసి సీసా నిండా పోసి రాత్రంతా వదిలేయండి. నీళ్లు 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటే బాగా పనిచేస్తుంది. పొద్దున బ్రష్‌తో ఒక్కసారి తిప్పి మూడుసార్లు తొలపండి. వేలికి ఇంకా జారుడుగా తగులుతుంటే ఆ పొడిలోని క్షారం పోలేదని అర్థం. ఆ మిగిలిన క్షారం తర్వాత పోసే యాసిడ్‌ని చంపేస్తుంది. బోరు నీళ్లతో కడిగితే సీసా లోపల తెల్లటి మసక మిగులుతుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి అరగంట ఉంచితే అది పోతుంది. గిన్నెలు తోమే సబ్బు వద్దు, దాని వాసన సీసాని ఓ పట్టాన వదలదు. కడిగాక సీసాని వెలుతురుకి ఎదురుగా పెట్టి అడుగునుంచి చూడండి. నీడలా ఏదైనా కనబడితే ఆ సీసా మళ్లీ నానాల్సిందే.

క్లిప్పు మూత ఉండే సీసాల్లో అందరూ వదిలేసేది రబ్బరు వాషరు. దాన్ని ఊడదీసి చూడండి, కింద నల్లటి జిగురు వలయం కనిపిస్తుంది. వాషర్లని విడిగా నానబెట్టి, విడిగా మందులో ముంచి, నింపే ముందు తొడగాలి. చిట్లినవి మార్చేయాలి, లేకపోతే గ్యాస్ కారిపోయి సోడా చప్పగా అవుతుంది. పాత గోళీసోడా సీసాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ ఇంటి పనికి వద్దు. గోళీ ఉన్న గదిలోకీ మెడలోని రబ్బరు కిందికీ బ్రష్ చేరదు.

నింపే రోజు పని తేలిక. ఒక్కో సీసాలో ఒక 50 మిల్లీలీటర్లు పోసి, మూతి మూసి, లోపలి గోడంతా తడిసేలా తిప్పి, ఆ నీళ్లే పక్క సీసాలోకి ఒంపుకుంటూ పోవచ్చు. గోడ ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉండాలి. అంతకుముందే ఆరిపోతే పని కాలేదనే లెక్క. తర్వాత అదే మందు చల్లిన స్టాండు మీద బోర్లించండి. నురగ బోలెడు మిగులుతుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు, దానిమీదే సోడా నింపొచ్చు. కంగారుపడి కుళాయి నీళ్లతో తొలిపితే అప్పటిదాకా చేసినదంతా వృథా. గుడ్డతో తుడవడమూ అంతే. మూతలు, గరాటు, గొట్టం కూడా అదే డబ్బాలో ముంచాలి. నింపే గొట్టాన్ని మాత్రం రోజుల తరబడి అందులోనే వదిలేయకండి, ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడి జిగటగా అవుతాయి.

జాగ్రత్తలు తేలిగ్గా తీసుకునేవి కావు. కలపని మందు చర్మాన్ని, కళ్లని కాలుస్తుంది. చేతులకి గ్లోవ్స్ ఉండాలి, సిరంజి ముఖానికి ఎదురుగా పెట్టకూడదు. వంటగది గట్టు కడప రాయిదైతే ఇంకా జాగ్రత్త. అది సున్నపురాయి కాబట్టి ఒక్క చుక్క పడినా మెరుపు పోయి తెల్ల మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. పాలరాయికీ ఇదే గతి. స్టీలు సింకులో పెట్టుకుని కలపండి. బ్లీచింగ్ నీళ్లున్న బకెట్లో ఈ మందు ఎప్పుడూ పోయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

బ్లీచింగే వాడితే పోదా అంటే, చవకే, పని కూడా చేస్తుంది. కానీ తర్వాత కాచి చల్లార్చిన నీళ్లతో బాగా తొలపాలి. క్లోరిన్ మిగిలితే పులిసిన పానీయానికి మందుల వాసన పడుతుంది. నెలకి నాలుగైదు గాజు సీసాలే నింపేవాళ్లకి అసలు ఏ మందూ అక్కర్లేదు. పెద్ద కుక్కర్లో అడుగున గుడ్డ వేసి, సీసాలు పడుకోబెట్టి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, వెయిట్ పెట్టి 15 నిమిషాలు ఆవిరి పట్టిస్తే అది స్టార్ శాన్ కంటే గట్టి పని. కుక్కరు దానంతటది చల్లారేదాకా మూత తీయకూడదు, వేడి సీసాకి చల్లగాలి తగిలితే పగులుతుంది. ప్లాస్టిక్ సీసాలకి ఈ దారి లేదు, వాటికి మందే శరణ్యం. స్టార్ శాన్ బ్యాక్టీరియా బీజాల్ని (గట్టి పొరలో నిద్రపోతూ ఉండే రూపాల్ని) చంపదు కాబట్టి పులుపు లేని జ్యూసుల్ని బయట నిలవ ఉంచడానికి దీన్ని నమ్ముకోవద్దు.

ఇంత చేశాక కూడా చెడితే ఎలా చెడిందో చూడండి. డజనులో ఒకటి రెండు మాత్రమే పొంగితే తప్పు ఆ సీసాలది, వాటి వాషర్లది. అన్నీ ఒకేలా పొంగితే జాడీలోనో, గొట్టంలోనో, చక్కెర కొలతలోనో తప్పుంది. ఎండాకాలంలో మాత్రం అన్నీ పొంగడానికి మన వేడి ఒక్కటే చాలు. ఏప్రిల్, మే నెలల్లో సోడా సీసాలు బయట ఒక రోజుకి మించి ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదంటే గాజు పేలుతుంది. ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ సోడా సీసా కూడా నింపి పెట్టుకుని నొక్కి చూస్తుంటే, అది రాయిలా బిగిసినప్పుడు మిగతావన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్లాలని తెలుస్తుంది.

కొనేటప్పుడు 236 మిల్లీలీటర్ల చిన్న సీసా తీసుకోండి. దానితో 145 లీటర్లకి పైగా కలుపుకోవచ్చు, విడతకి 5 లీటర్ల చొప్పున దాదాపు 30 విడతలు వస్తుంది. ఆన్‌లైన్లో తెప్పిస్తే మూత సీలు చూసి గానీ తీసుకోవద్దు. చిన్న సీసాల్లోకి విడిగా ఒంపి అమ్మేది, కంపెనీ లేబుల్ లేనిది ఎంత తక్కువకి వచ్చినా వద్దు. అప్పటికే నీళ్లు కలిపారో లేదో తెలియని మందుకి ఏ కొలతా పనికిరాదు.