డీమార్టా, వీధి కిరాణా కొట్టా: ఊరికి ఏది మేలు?

నెల సరుకుల ధరల్లో డీమార్ట్‌తో వీధి కొట్టు పోటీపడలేదు. 2002లో ముంబైలో తొలి స్టోర్ తెరిచిన ఆ సంస్థ ఎక్కువగా సొంత భవనాల్లోనే నడుస్తుంది, కాబట్టి అద్దె భారం తక్కువ. పెద్దమొత్తంలో కొని, సరఫరాదారులకు త్వరగా డబ్బు కట్టి ధర తగ్గించుకుంటుంది. అందులో కొంత ఎమ్మార్పీపై తగ్గింపుగా మనకూ అందుతుంది. మధ్యతరగతి ఇంటికి అది చిన్న సాయం కాదు.

కానీ రోజుకూలీ ఒకేసారి రెండు వేలు పెట్టి కొనలేడు. అతనికి కావాల్సింది పావుకిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్, కూలి డబ్బులు వచ్చేదాకా ఖాతా. పని దొరకని వారంలో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఖాతా పుస్తకం వల్లే. కొట్టు లాభం కూడా చాలావరకు ఊళ్లోనే తిరుగుతుంది: ఆటో కిరాయి, హమాలీ కూలి, పిల్లల ఫీజులు, చిట్టీలు. పెద్ద స్టోర్ లాభం మాత్రం ప్రధాన కార్యాలయానికి చేరుతుంది.

ఉద్యోగాల్లో పెద్ద స్టోర్‌దే పైచేయి. పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి కొట్టు గుమాస్తాకు అరుదు.

నా మటుకు నెల సరుకులు డీమార్ట్‌లో కొన్నా, రోజువారీవి వీధి కొట్టులోనే కొనాలంటాను. అది మూతపడితే పేదింటికి అప్పు పుట్టేది వడ్డీవ్యాపారి దగ్గరే.