రైఫిల్ తూటాల నమూనా పెట్టె: పోలికలు బాగా నేర్పుతుంది, ముద్రల దగ్గర మాత్రం తడబడుతుంది

శిక్షణకు కొత్తగా వచ్చినవారికి రైఫిల్ తూటాల రకాలు చూపించడానికి తీసుకున్న ఈ పెట్టెలో పన్నెండు నమూనా తూటాలు, ఒక ప్లాస్టిక్ కొలబద్ద, ఒక చిన్న వివరణ పుస్తకం ఉన్నాయి. తూటాల్లో మందు లేదు. ప్రైమర్ (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న భాగం) ఉండే గుంటను ఖాళీగా ఉంచి, ప్రతి ఇత్తడి కేసు (మందు నింపే డబ్బీ) పక్కన స్పష్టంగా కనిపించేలా రంధ్రం వేశారు. ఇలాంటి వస్తువులో నేను మొదట చూసేది ఈ రెండు జాగ్రత్తలనే.

పెట్టెకు అసలు బలం తూటాలను అమర్చిన వరుసలో ఉంది. .308 విన్‌చెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి బుల్లెట్ (తూటా మొనలో ఉండి, పేలినప్పుడు బయటికి దూసుకెళ్లే లోహపు ముక్క) వ్యాసం 7.82 మిల్లీమీటర్లు, రెండింటి అడుగు వెడల్పు దాదాపు 12 మిల్లీమీటర్లు. కేసు పొడవు మాత్రం ఒకదానికి 51, మరొకదానికి 63. పేరును చూసి కొలత ఊహించుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు, ఎందుకంటే .30-06లోని 06 కొలత కానే కాదు, అది 1906వ సంవత్సరం. తరువాతి వరుసలో 7.62×39, 7.62×51, 7.62×54ఆర్ ఉన్నాయి (ఈ పేర్లలో రెండో అంకె మిల్లీమీటర్లలో కేసు పొడవు). మూడింటికీ 7.62 అన్న పేరే ఉన్నా ఒక దాని రైఫిల్‌లో మరొకటి వాడడానికి వీల్లేదు; మొదటి, మూడవ రకాల బుల్లెట్లు నిజానికి 7.9 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటాయి. 54ఆర్ అడుగు అంచు కేసు కంటే బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది కాబట్టి, కళ్లు మూసుకుని గోటితో తడిమినా దానిని గుర్తుపట్టవచ్చు.

లోపాలు చిన్నవి కావు. .223 రెమింగ్టన్, 5.56×45 నాటో తూటాలు పైకి ఒకేలా కనిపిస్తాయి, తేడా అంతా లోపలి పీడనంలోనూ, రైఫిల్ ఛాంబర్ (తూటా కూర్చునే గది) కొలతల్లోనూ ఉంటుంది. వాటిని వేరుచేసి చెప్పేది ప్రధానంగా అడుగున కొట్టిన ముద్ర, వృత్తంలో శిలువ ఉంటే అది నాటో గుర్తు. అటువంటిది ఈ నమూనాల అడుగులన్నీ నున్నగా వదిలేశారు! అంతకన్నా విచారించవలసిన విషయం .300 బ్లాకౌట్ లేకపోవడం. ఆ తూటా కేసు .223 నుంచే పుట్టింది, అదే మ్యాగజైన్‌లో (రైఫిల్‌కు తూటాలు అందించే పెట్టెలో) ఇమిడిపోతుంది. పొరపాటున 5.56 రైఫిల్‌లో పేలిస్తే 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ 5.7 మిల్లీమీటర్ల బుల్లెట్‌కు సరిపడే గొట్టంలోకి వెళ్లలేక రైఫిలే పగిలిపోవచ్చు. గుర్తుపట్టడం నేర్పే పెట్టెలో మొదట ఉండవలసిన జత ఇదేనని నా అభిప్రాయం.

పుస్తకంలోని రంగుల పట్టికను యథాతథంగా నమ్మకూడదు. బుల్లెట్ మొనకు ఆకుపచ్చ రంగు ఉంటే లోపల ఉక్కు ముక్క ఉన్నట్టేనని అందులో రాశారు. అమెరికన్ ఎం855 (5.56 తూటాల్లో ఒక రకం) విషయంలో అది నిజమే కానీ, సోవియట్ 7.62×39లో అదే ఆకుపచ్చ వెలుగు చార వదిలే ట్రేసర్‌కు గుర్తు. అయస్కాంతం అంటుకుంటే కవచాన్ని ఛేదించే తూటా అని చెప్పిన వాక్యాన్ని నేను పెన్నుతో కొట్టేశాను, ఎందుకంటే మామూలు బుల్లెట్ల పై తొడుగులోనూ ఉక్కు ఉండవచ్చు.

కొలబద్ద కేసు పొడవు చూడడానికి సరిపోతుంది. 7.82కూ 7.92కూ మధ్య తేడా తేల్చడానికి మాత్రం వెర్నియర్ కాలిపర్స్ విడిగా తెచ్చుకోవలసి వచ్చింది, పెట్టె మూతలోని స్పాంజి కోసి దానికి చోటు చేశాను.