మనాసస్ యుద్ధభూమి: కారు దిగితేనే కనిపించే 1861

అమెరికా అంతర్యుద్ధంలో రెండు యుద్ధాలు జరిగిన వర్జీనియాలోని మనాసస్‌కు వెళ్లినవాళ్లలో చాలామంది పార్కు మ్యాపు చూసి కారు రూటు చుట్టేసి వచ్చేస్తారు. ఆ రూటు 1862 ఆగస్టు నాటి రెండో యుద్ధానిది. 90 రోజులకే చేర్చుకున్న సిపాయిలతో దక్షిణాది తిరుగుబాటును అణిచేయొచ్చన్న ఉత్తరాది ధీమా 1861 జూలై 21న, మొదటి యుద్ధంలో కుప్పకూలిన చోటు చూడాలంటే నడవాల్సిందే.

మొదట హెన్రీ హిల్ సందర్శకుల కేంద్రానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం. చుట్టూ ఉన్న బాట మైలు పైచిలుకే గానీ, గంటన్నర కేటాయించుకోండి. ఉత్తరాది అధికారులు రికెట్స్, గ్రిఫిన్‌ల 11 ఫిరంగులు నిలిచిన వైపు నుంచి దక్షిణాది సేనాని జాక్సన్ వరుస కేసి చూడండి: మధ్య దూరం సుమారు 300 గజాలు. దూరం కొట్టడానికి పనికొచ్చే ఫిరంగులను అంత దగ్గరికి తెచ్చారు, కాపు కాయాల్సిన పదాతి దళం నిలవలేదు. పైగా నీలం దుస్తుల్లో వస్తున్న దక్షిణాది 33వ వర్జీనియా దళాన్ని తమవాళ్లే అనుకుని కాల్పులు ఆపారు. యూనిఫాంలు ఇంకా ఒక దారికి రాని రోజులవి. యుద్ధం మలుపు తిరిగింది ఆ పొరపాటు దగ్గరే. పక్కనే మంచం మీద ఉండగానే ఫిరంగి గుండ్లకు బలైన వృద్ధురాలు జుడిత్ హెన్రీ సమాధి ఉంది. చాలామంది చూడకుండా దాటిపోతారు.

ఓపిక ఉంటే స్టోన్ బ్రిడ్జి, మాథ్యూస్ హిల్ కలిపే 5.4 మైళ్ల బాట పట్టండి, మూడు గంటలు. వేసవిలో కొండ మీద నీడ తక్కువ, గడ్డిలో పిడుదులు ఎక్కువ. పొడుగు ప్యాంటు, తలా రెండు సీసాల నీళ్లు తప్పనిసరి. తిండి వెంట తెచ్చుకోండి.

ఐ-66 హైవేలో 47వ ఎగ్జిట్ తీసుకోవాలి. ఎక్స్‌ప్రెస్ లేన్ల టోల్ రద్దీని బట్టి మారుతుంది, బోర్డు చూశాకే ఎక్కండి. సాయంత్రం 29, 234 రోడ్లు కలిసే స్టోన్ హౌస్ సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే, 1861లో ఆ రోజు కబ్ రన్ వాగు వంతెనపై బండి బోల్తా పడి, వెనక్కి పారిపోతూ ఆగిపోయిన ఉత్తరాది సేన గుర్తొస్తుంది. కమ్యూటర్ రైలు వారాంతాల్లో నడవదు, స్టేషన్ నుంచి పార్కుకు క్యాబే గతి.

బసకు ఎగ్జిట్ పక్కన ఉన్న హోటళ్లు సౌకర్యం, కానీ అక్కడ సాయంత్రం చేసేదేమీ ఉండదు. పాత మనాసస్ ఊళ్లో దిగితే రైలు స్టేషన్ చుట్టూ నడవొచ్చు. దక్షిణాది సేనాని జాన్‌స్టన్ దళాలు రైలెక్కి వచ్చి దిగిన జంక్షన్ ఆ ఊరే. బిర్యానీ కావాలంటే సెంటర్‌విల్, షాంటిలీ వైపు వెళ్లండి. 1861లో వాషింగ్టన్ జనం భోజనం బుట్టలతో యుద్ధం చూడ్డానికి వచ్చింది కూడా సెంటర్‌విల్‌కే.